తక్కువ ఖర్చుతో చెక్క లాఫ్ట్ బెడ్: ఊగని మంచం ఎలా చేసుకోవాలి

గది చిన్నదైనప్పుడు మంచాన్ని మనిషి ఎత్తుకు లేపి, కింద చదువుకునే బల్లో, బట్టల అరో పెట్టుకోవాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. వెంటనే వచ్చే భయం కూడా ఒకటే: విరుగుతుందేమోనని. నిజానికి సొంతంగా చేసుకున్న లాఫ్ట్ బెడ్లలో విరిగేవి తక్కువ, ఊగేవి ఎక్కువ. పక్కకు తిరిగి పడుకున్నప్పుడల్లా కదిలే మంచం మీద నిద్ర పట్టదు. ఆ ఊపుకు బోల్టులు రోజురోజుకూ వదులవుతాయి, చివరికి అదే ప్రమాదంగా మారుతుంది.

అందుకే ఈ పనిలో డబ్బు ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ తగ్గించకూడదు అన్నది ముందే తేల్చుకోండి. చెక్క జాతి, పూత, కనబడే అందం... వీటిలో ఎంతైనా తగ్గించుకోవచ్చు. కోళ్ల (అంటే మంచం కాళ్ల) మందం, బోల్టులు, ఏటవాలు దన్నులు, రెయిలింగ్... వీటిలో ఒక్క రూపాయి కూడా తగ్గించవద్దు. ఇక్కడ చెప్పే డిజైన్ ఈ లెక్క మీదే నడుస్తుంది. ఉలి పని దాదాపు లేదు. రంపం, డ్రిల్లు, మూలమట్టం, టేపు, రెండు మూడు క్లాంపులు, స్పానర్లు ఉంటే చాలు.

ముందు గదిని కొలవండి

చెక్క కొనడానికి వెళ్లేముందు నేల నుంచి పైకప్పుకు ఎంత ఎత్తుందో కొలవండి. మూడు నాలుగు చోట్ల కొలవండి, నేల అన్నిచోట్లా ఒకేలా ఉండదు. మంచం మీద కూర్చున్నప్పుడు తల పైకప్పుకు తగలకూడదంటే పరుపు పైభాగం నుంచి కప్పు దాకా 90 సెం.మీ. ఉండాలి. పొడవైన మనిషికి ఇంకో 5 సెం.మీ. ఉంటే మంచిది.

కప్పు ఎత్తు 275 సెం.మీ. అనుకుందాం. అందులో 90 తీసేస్తే పరుపు పైభాగం 185 దగ్గర ఉంటుంది. పరుపు మందం 12 అయితే దాని అడుగు 173కి వస్తుంది. పరుపు కింద బద్దలు, వాటిని మోసే పట్టె పోగా, పట్టె అడుగు 162 సెం.మీ. దగ్గర తేలుతుంది. అంటే చాలామంది పెద్దవాళ్లు మంచం కింద నిటారుగా నిలబడలేరు. ఇది డిజైన్ లోపం కాదు, గది ఎత్తు ఇంతే. కాబట్టి కింద కూర్చుని చేసే పనులకు చోటు పెట్టుకోండి. కిందా పైనా రెండుచోట్లా నిలబడాలని ఆశపడి మంచాన్ని పైకి జరిపితే, పైన కూర్చోలేని, కింద వంగాల్సిన మంచం తయారవుతుంది.

మందపాటి పరుపు ఉంటే ఈ లెక్క మొత్తం మారిపోతుంది. 20 సెం.మీ. పరుపు వేస్తే కూర్చునే ఎత్తు 8 సెం.మీ. తగ్గుతుంది, రెయిలింగ్ కూడా అంతే పొట్టిదైపోతుంది. లాఫ్ట్ బెడ్‌కు 10 నుంచి 12 సెం.మీ. పరుపు సరిపోతుంది. అది చవక కూడా.

సీలింగ్ ఫ్యాన్ సంగతి ఇప్పుడే చూడండి, తర్వాత కాదు. మంచం మీద కూర్చుని ఏ వైపు చేయి చాపినా రెక్క అందకూడదు. దుప్పటి విదిలించినా తగలకూడదు. అందేలా ఉంటే మంచం స్థలం మార్చండి, లేదా ఆ ఫ్యాన్ తీసేసి గోడ ఫ్యాన్ పెట్టుకోండి. ఈ విషయంలో సర్దుకుపోవడం లేదు. తలుపు పూర్తిగా తెరుచుకుంటోందా, కిటికీ రెక్క మంచానికి తగులుతోందా, స్విచ్ బోర్డు కోడు వెనక్కి పోతోందా అన్నవి కూడా చూసుకుని, కొలతలు నేల మీద సుద్దముక్కతో గీయండి. ఆ గీతల మధ్య ఒకటి రెండు రోజులు నడిచి చూడండి.

ఇంకో మాట. ఆరేళ్ల లోపు పిల్లలను ఇంత ఎత్తు మంచం మీద పడుకోబెట్టకూడదు. బంక్ బెడ్ల (రెండంతస్తుల మంచాల) భద్రతా నియమాలు చాలావరకు చెప్పేది ఇదే. ఇంట్లో చిన్నపిల్లలుంటే నిచ్చెన తీసి పక్కన పెట్టేలా చేసుకోండి.

చెక్క ఎంపిక

పైన్ చెక్క ఈ పనికి సరిపోతుంది. తేలిక, కోయడం సులువు, ధర కూడా సాధారణంగా తక్కువే. రబ్బరు చెక్క ఇంకాస్త గట్టిది. టేకు బాగుంటుంది కానీ లాఫ్ట్ బెడ్‌కు దాని అవసరం లేదు. పార్టికల్ బోర్డు మాత్రం కోళ్లకు, పట్టెలకు పనికిరాదు. బోల్టు దగ్గర అది పొడిపొడిగా రాలిపోతుంది.

ముక్కలు ఏరుకునేటప్పుడు ఒక చివర కంటి దగ్గర పెట్టుకుని పొడవునా చూడండి. మెలితిరిగినవి, విల్లులా వంగినవి పక్కన పెట్టండి. కొద్దిపాటి వంపు ఉన్నవి పొట్టి ముక్కలకు పనికొస్తాయి. చిన్న ముడులు పరవాలేదు. అంచును కోస్తూ పోయే పెద్ద ముడి ఉన్న ముక్కను పట్టెకు వాడవద్దు, బరువు పడితే పగులు అక్కడే మొదలవుతుంది. చెక్క పచ్చిగా ఉంటే, అంటే చేతికి చల్లగా, బరువుగా తగిలితే, కొన్న వెంటనే వాడకండి. గదిలోనే నేల మీద అడ్డ ముక్కలు వేసి, గాలి ఆడేలా పేర్చి కొన్ని వారాలు ఉంచితే, లోపలి గాలికి అలవాటుపడి వంగాల్సినవి అప్పుడే వంగుతాయి.

పాత చెక్కతో బాగా ఆదా అవుతుంది. పాత తలుపుల చట్రాలు, విప్పేసిన అల్మారాలు మంచి ముడిసరుకు. మేకులన్నీ పీకండి. చెద పట్టిందేమో చూడటానికి స్క్రూడ్రైవర్ మొనతో అక్కడక్కడా గుచ్చండి. సులువుగా దిగబడితే ఆ ముక్క వద్దు. సరుకు రవాణాకు వాడిన ప్యాలెట్ల చెక్క తీసుకుంటే దాని మీద ముద్ర వెతకండి. ‘హెచ్‌టీ’ (HT) అని ఉంటే వేడితో శుద్ధి చేసినది, వాడుకోవచ్చు. ‘ఎంబీ’ (MB) అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది, పడకగదిలోకి తేవద్దు. ఆరుబయట వాడిన, ఆకుపచ్చ ఛాయ ఉన్న, పుచ్చకుండా మందు పట్టించిన పాత చెక్క కూడా వద్దు. వాటిలో ఆర్సెనిక్ కలిసిన రసాయనం ఉండే అవకాశం ఉంది.

కొలతల విషయంలో ఒక జాగ్రత్త. రెండు అంగుళాలు, నాలుగు అంగుళాలు అని చెప్పి అమ్మే చెక్క చిత్రిక పట్టాక అంత ఉండదు. ‘టూ బై ఫోర్’ అని పిలిచే ముక్క చాలాచోట్ల నిజంగా 38 × 89 మి.మీ. మాత్రమే. కాబట్టి పేరును నమ్మి గీత గీయకండి, చేతిలో ఉన్న ముక్కను కొలిచి గీయండి. నేనిక్కడ 38 × 89 లెక్కతోనే చెబుతున్నాను. మీకు దొరికింది వేరే కొలతైతే దానికి తగ్గట్టు మార్చుకోండి.

పలక నిలబడితేనే బలం

ఖర్చు తగ్గించాలనుకునేవాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సిన సంగతి ఇది. ఒక పట్టె ఎంత వంగుతుందన్నది దాని ఎత్తు మీద చాలా ఎక్కువగా ఆధారపడుతుంది. ఎత్తు రెట్టింపైతే గట్టిదనం ఎనిమిది రెట్లవుతుంది. మందం రెట్టింపైతే గట్టిదనం కూడా రెట్టింపే, అంతకు మించి రాదు. ఒకే 38 × 89 ముక్కను పడుకోబెట్టి వాడినప్పటికంటే నిలబెట్టి వాడితే ఐదు రెట్లకు పైగా గట్టిగా ఉంటుంది, అదనంగా పైసా ఖర్చు లేకుండా. పొడవు పట్టెకు 89 బదులు 140 మి.మీ. ఎత్తున్న పలక తీసుకుంటే చెక్క ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది, గట్టిదనం మాత్రం నాలుగు రెట్లకు దగ్గరగా వెళ్తుంది. అందుకే పొడవు పట్టెలకు మాత్రం 38 × 140 కొనండి, మిగతా అంతటికీ 38 × 89 చాలు.

కోత లెక్క

పరుపు 190 × 90 సెం.మీ. అనుకుందాం. పరుపు సులువుగా దిగడానికి, దుప్పటి అంచులు దోపడానికి పట్టెల మధ్య వెడల్పు 92 పెట్టండి. పట్టెల పొడవు 196. పట్టె మందం, కోటి మందం కలుపుకుంటే మంచం బయటి వెడల్పు 107 సెం.మీ. చిల్లర వస్తుంది.

చెక్క 2.4 మీటర్ల పొడవుతో దొరుకుతోందనుకుంటే, 38 × 89 ముక్కలు 12 కావాలి. వాటిని ఇలా కోయాలి. నాలుగు ముక్కల నుంచి 210 సెం.మీ. పొడవున కోళ్ల బయటి పొరలు తీయండి. ఇంకో నాలుగింటి నుంచి 162 సెం.మీ. పొడవున లోపలి పొరలు. ఈ నాలుగింట్లో ఒక్కొక్కదానికి 78 సెం.మీ. మిగులుతుంది కదా, అందులో 32 సెం.మీ. నిచ్చెన మెట్టు ఒకటి, 45 సెం.మీ. ఏటవాలు దన్ను ఒకటి వస్తాయి. రంపం కోతకు కోతకూ 3 మి.మీ. దాకా తింటుంది, కాబట్టి అంతకన్నా పొడవు ఆశించకండి. రెండు ముక్కల నుంచి 107 సెం.మీ. అడ్డ పట్టెలు నాలుగు. చివరి రెండు నిచ్చెన పక్కలు, ఒక్కొక్కటి 190. వాటిలో మిగిలిన 50 సెం.మీ. ముక్కల్లో ఒకటి ఐదో మెట్టు అవుతుంది, రెండోది రెయిలింగ్ దగ్గర పొట్టి స్తంభం అవుతుంది.

ఇవి కాక 38 × 140 పలకలు రెండు, బద్దల కింద వేసే 38 × 38 కర్రలు రెండు, బద్దలకు 25 మి.మీ. మందం, 9 సెం.మీ. వెడల్పు పలకలు ఏడు, రెయిలింగ్‌కు, వెనక గుణకారం గుర్తులా వేసే దన్నుకు అలాంటివే మరికొన్ని.

కోసే ముందు ఈ మొత్తాన్ని కాగితం మీద గీయండి. ఏ ముక్క ఏ కర్రలోంచి వస్తుందో రాసుకున్నాకే కొనడానికి వెళ్లండి. చెక్క పనిలో ఎక్కువ డబ్బు మిగిలేది ఈ కాగితం దగ్గరే. అమ్మే చోట మెషిన్ కోత ఉంటే కోళ్లు, పట్టెలు అక్కడే కోయించుకోండి. నాలుగు కోళ్లు మిల్లీమీటరు తేడా లేకుండా రావడానికి చేతి రంపం కంటే అదే నయం.

మొదటి దశ: కోళ్లు

ఈ డిజైన్‌కు ప్రాణం ఇక్కడే ఉంది. పట్టెను కోటికి బోల్టులతో వేలాడదీస్తే బరువంతా బోల్టులే మోయాలి. అలా కాకుండా పట్టె కోటి మీద కూర్చుంటే బరువు చెక్క మీద నుంచి చెక్క మీదకి, అక్కడి నుంచి నేలకు దిగుతుంది. బోల్టులు పక్కకు జారకుండా పట్టుకుంటే చాలు. పెద్ద గాళ్లు తవ్వకుండా దీన్ని సాధించే మార్గం రెండు పొరల కోడు.

210 ముక్క వెడల్పు ముఖం మీద చెక్క జిగురు పలుచగా, అంతటా రాయండి. 162 ముక్కను దాని మీద పెట్టి కింది చివరలు సమంగా కలపండి. క్లాంపులు బిగించి, 65 మి.మీ. స్క్రూలు 25 సెం.మీ.కు ఒకటి చొప్పున, ఒకటి ఎడమకు ఒకటి కుడికి జరుపుతూ వేయండి. బయటికి పొంగిన జిగురు తడిగుడ్డతో అప్పుడే తుడవండి. ఆరాక గీకడం కష్టం, పూత కూడా అక్కడ పట్టదు. ఒక రాత్రి వదిలేయండి.

ఇప్పుడు ప్రతి కోటికీ లోపలి వైపు 162 సెం.మీ. ఎత్తున ఒక గట్టు ఉంది. 38 మి.మీ. లోతున్న ఆ గట్టు మీద 38 మి.మీ. పట్టె అచ్చంగా కూర్చుంటుంది. నాలుగు కోళ్లనూ పక్కపక్కన పడుకోబెట్టి గట్లు ఒకే గీతలో ఉన్నాయో లేదో చూడండి. తేడా ఉంటే కోటి అడుగు కోసి సరిచేయండి, గట్టును ముట్టుకోకండి.

రెండో దశ: తల వైపు, కాళ్ల వైపు ఫ్రేములు

రెండు కోళ్లను నేల మీద పరచి, పైన ఒక అడ్డ పట్టె, కింద నేలకు 15 సెం.మీ. ఎత్తులో ఇంకొకటి కోళ్ల బయటి వైపు బిగిస్తే ఒక ఫ్రేము. పై అడ్డ పట్టెను గట్టు కంటే కిందికే ఉంచండి. అప్పుడు దాని బోల్టులు పొడవు పట్టె బోల్టులకు అడ్డం రావు.

బోల్టులు 8 మి.మీ. లావువి తీసుకోండి. ఇక్కడ 150 మి.మీ. పొడవు, పొడవు పట్టెల దగ్గర 100 మి.మీ. పొడవు. గుండ్రటి తల, దాని కింద చదరపు మెడ ఉన్న బోల్టులైతే తల వైపు స్పానర్ అక్కర్లేదు, బట్టలకు కూడా తట్టుకోవు. నట్టు వైపు వెడల్పాటి వాషర్ తప్పనిసరి. లేకపోతే నట్టు చెక్కలోకి దిగబడుతూ పోతుంది తప్ప బిగియదు. ప్రతి అతుకుకూ రెండు బోల్టులు, ఒకదాని కింద ఒకటి కాకుండా కొంచెం ఏటవాలుగా వేయండి. ఒకే గీత మీద వేస్తే చెక్క ఆ గీత వెంట చీలుతుంది. ఇక్కడ కోటికి రెండు పొరలున్నాయి కాబట్టి పొరకు ఒకటి చొప్పున పడేలా చూసుకోండి. బోల్టుకు, చెక్క అంచుకు మధ్య దూరం పెట్టేటప్పుడు బోల్టు లావుకు నాలుగు రెట్లు, అంటే 3 సెం.మీ. పైన, దొరికినచోటల్లా వదలండి. కోటి పొరలో అంత చోటు లేకపోతే పొర మధ్యలో పడితే చాలు.

రంధ్రం వేసేముందు ముక్కలను క్లాంపులతో కలిపి, మూలమట్టం పెట్టి చూసి, రెండింటికీ కలిపి ఒకేసారి డ్రిల్లు చేయండి. విడివిడిగా రంధ్రాలు వేసి తర్వాత కలపాలంటే కుదరదు. డ్రిల్లు బిట్ బయటికి వచ్చేచోట కింద పనికిరాని చెక్క ముక్క ఆనించండి, అంచు చెదరదు.

బోల్టులు చేత్తో బిగించాక, ఫ్రేము మూల నుంచి మూలకు రెండు వైపులా టేపుతో కొలవండి. రెండు కొలతలూ సమానమైతే ఫ్రేము మట్టంగా ఉన్నట్టు. తేడా ఉంటే ఎక్కువ వచ్చిన మూలను మెల్లగా లోపలికి నెట్టండి. సమానమయ్యాకే స్పానర్ పట్టండి. రెండో ఫ్రేమును మొదటిదాని మీదే పెట్టి చేస్తే రెండూ ఒకేలా వస్తాయి.

మూడో దశ: నిలబెట్టడానికి ముందే నునుపు, పూత

నిలబెట్టాక మూలల్లోకి చేయి వెళ్లదు కాబట్టి ఇప్పుడే చేసేయండి. ఉప్పుకాగితం 80 నంబరుతో మొదలుపెట్టి 120, తర్వాత 180. రుద్దేటప్పుడు చెక్క రేఖల వెంటే రుద్దాలి, అడ్డంగా రుద్దితే గీతలు పడతాయి. మాస్కు వేసుకోండి.

ఖర్చు తగ్గించాలనుకుంటే అన్నిటికీ సమానంగా పూత వేయనక్కర్లేదు. చేతులు, కాళ్లు తగిలేవి రెయిలింగ్, నిచ్చెన, కోళ్ల పై చివరలు. వాటిని మాత్రం అంచులన్నీ గుండ్రంగా చేసి, నీటి ఆధారిత పాలియురేథేన్ రెండు మూడు పూతలు వేయండి. బద్దలకు పూతే వద్దు, గాలి ఆడితే చాలు. అవిసె నూనె వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి మూలన పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. ఆరుబయట విడివిడిగా పరచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచేయండి.

నాలుగో దశ: పట్టెలు, బద్దలు

ఈ పనికి ఇద్దరు కావాలి. ఫ్రేములను ఎదురెదురుగా నిలబెట్టి ఒకరు పట్టుకోండి, ఇంకొకరు పొడవు పట్టెలను గట్ల మీద కూర్చోబెట్టండి. క్లాంపు వేసి, కోటి బయటి పొర, పట్టె కలిపి రెండేసి బోల్టులు. పట్టెల మీద రసమట్టం పెట్టి చూడండి. ఒక కోడు కింద నేల పల్లంగా ఉంటే పలుచని చెక్క ముక్క ఎత్తుపెట్టండి.

పట్టెల లోపలి వైపు, పై అంచు నుంచి 5.5 సెం.మీ. కిందికి పొడవునా గీత గీసి, ఆ గీతకు పై అంచు ఆనేలా 38 × 38 కర్రను జిగురుతోనూ, 15 సెం.మీ.కు ఒక స్క్రూతోనూ బిగించండి. బద్దలు దీని మీదే కూర్చుంటాయి. పరుపు 3 సెం.మీ. పట్టెల మధ్యకు దిగుతుంది కాబట్టి పక్కకు జారదు. ఈ కర్ర మీద నిజంగానే మనిషి బరువంతా ఉంటుంది, జిగురు మానేసి స్క్రూలు తగ్గించే ఆలోచన చేయకండి.

బద్దలు 13 చాలు. మధ్య సందు 6 సెం.మీ. దగ్గర ఉంచండి, 7.5 దాటనివ్వకండి. మందం 25 మి.మీ. అన్నది ఎందుకంటే, రాత్రి లేచి మోకాలి మీద వంగినప్పుడు బరువంతా ఒకే బద్ద మీద పడుతుంది. 20 మి.మీ. బద్దలే దొరికితే మధ్యలో పొడవునా ఇంకో దన్ను కావాలి. ముడి ఉన్న బద్దలను ముడి చివరకు వచ్చేలా తిప్పి వేయండి, లేదా తల, పాదాల వైపుకు పంపండి. ప్రతి బద్దనూ రెండు చివరలా స్క్రూతో బిగించండి. బద్దలు రెండు పట్టెలనూ కలిపి పట్టుకుంటాయి, పట్టెలు బయటికి విచ్చుకోవు.

స్క్రూ ఎక్కడ వేసినా ముందు సన్నని రంధ్రం వేయండి. 5 మి.మీ. స్క్రూకు మెత్తటి చెక్కలో 3 మి.మీ. సరిపోతుంది. చివరల దగ్గర ఇది మానేస్తే చెక్క చీలుతుంది.

ఐదో దశ: ఊపు ఆపడం

ఇప్పుడు కోటి పైభాగం పట్టుకుని పొడవు దిశలో నెట్టి చూడండి. మంచం కదులుతుంది. బోల్టులు ఎంత బిగించినా కదులుతుంది. లోపలి పెట్టె తీసేసిన అగ్గిపెట్టె తొడుగును పక్క నుంచి నొక్కితే ఎలా వాలిపోతుందో, దన్ను లేని చతురస్రం ఏదైనా అలాగే వాలుతుంది. త్రిభుజం వాలదు. దాని మూడు భుజాల్లో ఒకటి పొడవు మారితే తప్ప ఆకారం మారదు.

వెనక వైపు, అంటే గోడ వైపు, కింద ఒక కోటి నుంచి పైన ఎదురు కోటికి 25 మి.మీ. పలక ఏటవాలుగా వేయండి. దానికి అడ్డంగా గుణకారం గుర్తులా ఇంకొకటి. ఒకదాన్ని కోళ్ల బయటి ముఖానికి, రెండోదాన్ని లోపలి ముఖానికి బిగిస్తే రెండూ ఒకదానికొకటి తగలవు. చివరలకు బోల్టులు. ఇది మంచం వెనక గోడకు ఆనుకుని ఉంటుంది కాబట్టి కింద చోటుకు అడ్డం రాదు.

ముందు వైపు గుణకారం పెట్టలేం, బల్ల దగ్గరికి వెళ్లాలి. అక్కడే 45 సెం.మీ. దన్నులు పనికొస్తాయి. రెండు చివరలూ 45 డిగ్రీలకు కోసి, కోటి లోపలి పొరకు, పట్టె అడుగుకు మధ్య మూలలో ఇరికించి, చివరకు రెండేసి పొడవు స్క్రూలు వేయండి. ముందు రెండు కోళ్లకూ ఒక్కోటి. మిగిలిన రెండు దన్నులను తల, కాళ్ల ఫ్రేముల్లో పై అడ్డ పట్టె కింద వేయండి. ఆ దిశలోనూ ఊపు ఉంటుంది, చాలామంది దాన్ని మర్చిపోతారు.

సొంత ఇల్లయితే దీనికి తోడు గోడకు రెండుచోట్ల బిగించండి. వెనక పొడవు పట్టెకు, గోడకు మధ్య ఖాళీ నిండేలా చెక్క ముక్క పెట్టి, ఇటుక లేదా కాంక్రీటు గోడైతే యాంకర్ బోల్టుతో. లోపల బోలుగా ఉండే ఇటుకలైతే మామూలు ప్లగ్గు నిలవదు, ఆ రకం గోడకు తగ్గ యాంకర్ అడిగి తీసుకోండి. డ్రిల్లు చేసేముందు స్విచ్ బోర్డు నుంచి నిటారుగా, అడ్డంగా వైరు పోయే దారి వదిలేయండి. అద్దె ఇంట్లో గోడకు రంధ్రం వేయలేకపోతే గుణకారపు దన్ను మీదే ఆధారపడాలి, అందుకే అక్కడ ఒక్క పలకతో సరిపెట్టకూడదు.

రెయిలింగ్, నిచ్చెన

రెయిలింగ్ నాలుగు వైపులా ఉండాలి. గోడ వైపు అక్కర్లేదనుకుంటారు. కానీ పరుపుకు, గోడకు మధ్య సందులోకి నిద్రలో జారి ఇరుక్కోవడం ప్రాణాంతకం కూడా కావచ్చు, అక్కడ రెయిలింగ్ మధ్యలో తెరుపు లేకుండా ఉండాలి. ఎత్తు విషయానికొస్తే అమెరికా ప్రమాణం పరుపు పైనుంచి కనీసం 5 అంగుళాలు అంటుంది, యూరప్ ప్రమాణం 16 సెం.మీ. అంటుంది. పెద్దవాళ్లకు నేనైతే 20 కంటే తగ్గించను. పలకల మధ్య సందు 7.5 సెం.మీ. మించకూడదు. అంతకన్నా ఎక్కువైతే పిల్లల ఒళ్లు దూరి తల ఇరుక్కునే ప్రమాదం ఉంది.

మన కొలతల్లో పట్టె పై అంచు 176 దగ్గరుంది. 6 సెం.మీ. వదిలి ఒక 9 సెం.మీ. పలక, మళ్లీ 6.5 వదిలి ఇంకొకటి వేస్తే, పై అంచు 206.5కు చేరుతుంది. పరుపు పైన 21 సెం.మీ.కి పైగా అడ్డు ఉన్నట్టు.

పలకలను కోళ్ల లోపలి ముఖానికి బిగించండి. ఒళ్లు ఆనినప్పుడు పలక కోటికి అదుముకుంటుంది. బయట బిగిస్తే ప్రతి నెట్టుకూ స్క్రూలు బయటికి లాగబడతాయి. తల, కాళ్ల వైపు మాత్రం బయటే బిగించాల్సి వస్తుంది, అక్కడ స్క్రూలు కాదు, బోల్టులు. ఆ వైపుల మొదటి పలక పరుపు అడుగు మట్టం నుంచే మొదలైతే పరుపు ముందుకు జారదు.

ముందు వైపు ఒక చివర 40 సెం.మీ. తెరుపు వదలండి. తెరుపు పక్కన 45 సెం.మీ. పొట్టి స్తంభాన్ని పట్టె బయటి ముఖానికి రెండు బోల్టులతో నిలబెడితే, రెయిలింగ్ పలకలు దాని లోపలి ముఖానికి వచ్చి ఆగుతాయి. మిగిలిన పొడవు మధ్యలో పలక ఊగుతుంటే అలాంటి స్తంభం ఇంకొకటి.

నిచ్చెన నేలతో 75 డిగ్రీల వాలులో ఉంటే దిగడం సులువు. అడుగు భాగం మంచం నుంచి 47 సెం.మీ. ముందుకు వస్తుంది. చోటు లేక నిటారుగా పెడితే చెక్క కొంచెం మిగులుతుంది, కానీ నిద్రమత్తులో దిగేటప్పుడు నిటారు నిచ్చెన మీద పాదం జారుతుంది. ఐదు మెట్లు, మధ్య దూరం 29 సెం.మీ. అన్నీ ఒకే దూరంలో ఉండాలి, చీకట్లో కాలు లెక్కతోనే దిగుతుంది. గుండ్రటి కర్రల కంటే వెడల్పు ముఖం పైకి ఉన్న పలకలు పాదానికి హాయి. మెట్లను పక్క నుంచి స్క్రూలతో మాత్రమే వదిలేయకండి. ప్రతి మెట్టు చివర కింద చిన్న దన్ను ముక్క జిగురుతో, స్క్రూలతో బిగించి, మెట్టును దాని మీద కూర్చోబెట్టండి. పైన పట్టెకు రెండు బోల్టులు, అడుగున జారకుండా రబ్బరు ముక్కలు.

పడుకునే ముందు

ముందు బరువు పెట్టి చూడండి, మనుషులతో కాదు. 20 లీటర్ల నీళ్ల డబ్బా 20 కిలోలు. పడుకునేవాళ్ల బరువుకు రెట్టింపు అయ్యేదాకా డబ్బాలు ఒక్కొక్కటే ఎక్కించి, పరచినట్టు సర్ది, ఒక రాత్రి వదిలేయండి. పట్టె ఒక చివర నుంచి రెండో చివరకు దారం బిగించి, మధ్యలో వంపు ఎంత వచ్చిందో చూడండి. రెండు మూడు మిల్లీమీటర్లు మామూలే. బరువు దించాక కూడా వంపు అలాగే మిగిలితే, లేదా ఎక్కడైనా పగులు కనబడితే, ఆ ముక్క మార్చాలి. డబ్బాలు పైన ఉండగానే కోళ్లను రెండు దిశల్లోనూ నెట్టి చూడండి. ఊపు ఇంకా ఉంటే దన్ను చివరల్లో బోల్టు వదులుగా ఉన్నట్టే.

పరుపు ఎంత మందం దాకా వేయొచ్చో కోటి మీద పెన్సిల్‌తో గీత పెట్టండి. రేపు ఎవరైనా పరుపు మారిస్తే రెయిలింగ్ పొట్టిదైపోకుండా ఆ గీత కాపాడుతుంది.

చెక్క ఆరేకొద్దీ కొద్దిగా కుంచించుకుపోతుంది, బోల్టులు వదులవుతాయి. మొదటి నెల చివర అన్నీ ఒకసారి బిగించండి, ఆ తర్వాత కాలం మారినప్పుడల్లా. ఊడిరాకుండా లోపల నైలాన్ రింగు ఉన్న నట్లు వాడితే ఈ పని తగ్గుతుంది. కిర్రుమని చప్పుడు వస్తే ఎక్కడ రెండు చెక్కలు రాసుకుంటున్నాయో వెతికి, బోల్టు వదులు చేసి మధ్యలో కొవ్వొత్తి మైనం రుద్ది మళ్లీ బిగించండి. చప్పుడు బద్దల దగ్గరైతే స్క్రూ వదులై ఉంటుంది, దాన్ని తీసి ఒక సైజు లావుది వేస్తే ఆగుతుంది.